మన రాయి కనిపించే తెర: భూశాస్త్రం, పర్యావరణ పాఠాల్లో ఇంటరాక్టివ్ పరికరాలు

భూమి అడుగున నీళ్లు ఎలా ఉంటాయో బొమ్మ గీయమంటే చాలామంది పిల్లలు ఒక చెరువు గీస్తారు, లేదంటే ఒక ఏరు. ఇది మన పిల్లలకే పరిమితమైన ఊహ కాదు. భూగర్భజలాల గురించి విద్యార్థులు ఏమనుకుంటున్నారో పరిశీలించినవాళ్లు అనేక దేశాల్లో ఇదే చూశారు. అయితే రాయలసీమలోని మదనపల్లె, అంగళ్లు, కురబలకోట చుట్టుపక్కల ఈ ఊహకు ఖరీదు ఎక్కువ. ఇక్కడ టమాటా తోట బోరు మీద బతుకుతుంది. వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఈ పడమటి మండలాలకు కొత్త కాదు. అడుగున ఎక్కడో గంగ పారుతోందని, సరైన పాయింటు దొరికితే చాలని నమ్మిన కుటుంబం అప్పు చేసి మరో బోరు వేస్తుంది. అది కూడా ఎండితే ఇంకొకటి వేస్తుంది.

నిజానికి ఇక్కడ నేల కింద ఉన్నది నైస్, గ్రానైట్ రాయి. పైన కొంత మందాన ఆ రాయి చివికి మొరంగా మారింది. ఆ మొరం వానను పీల్చుకుని దాచుకుంటుంది. దాని కింద గట్టి రాతిలో అక్కడక్కడా పగుళ్లున్నాయి. బోరు ఆ పగులుకు తగిలితే జల పడుతుంది, తగలకపోతే పొడి దుమ్ము లేస్తుంది. పగుళ్లు పైనున్న మొరం నుంచే నీళ్లు తెచ్చుకుంటాయి. అందుకే ఎంత లోతుకు పోయినా పైన వాన ఇంకకపోతే కింద ఉండేది ఖాళీ పగులే. ఈ కొద్ది వాక్యాల భూశాస్త్రం పదో తరగతి దాటే ప్రతి బిడ్డకూ అందాలి. చాక్‌పీసు బొమ్మతో అది అందుతుందా, కదిపితే కదిలే తెర మీది పాఠంతో అందుతుందా, చేలోకి తీసుకెళ్లి చూపిస్తే అందుతుందా అన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన ప్రశ్న.

పర్యావరణ విద్య మన దేశంలో ఐచ్ఛికం కాదు. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరులో దాన్ని తప్పనిసరి చేయమంది, 2003 డిసెంబరులో ఆ మాటను మళ్లీ గట్టిగా చెప్పింది. యూజీసీ డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పర్యావరణ పాఠ్యాంశం రూపొందించింది. ఇంజనీరింగ్ కోర్సుల్లోనూ అదే వచ్చింది. అంగళ్లు వంటి పల్లెలో 1998లో ఇంజనీరింగ్ కళాశాల వెలిసినప్పటి నుంచి వేలమంది యువకులు కదిరి రోడ్డు మీద బస్సు దిగి తరగతులకు వెళ్తున్నారు. ఈ రాష్ట్రంలో అలాంటి కళాశాలలు ఎన్నో ఉన్నాయి. వాటన్నిటిలో పర్యావరణం ఒక పేపరు. మొదటి అధ్యాయంలో నిర్వచనాలు, రెండో అధ్యాయంలో సహజ వనరులు, చివర్లో చట్టాలు. విద్యార్థి దాన్ని పరీక్ష ముందు రెండు రోజులు చదివి గట్టెక్కుతాడు. తప్పనిసరి చేయడం వల్ల పాఠం వచ్చింది, అవగాహన రాలేదు. ఈ వెలితిని పూడ్చడానికే ఇంటరాక్టివ్ పరికరాలను ముందుకు తెస్తున్నారు.

ఏమిటా పరికరాలు? అన్నిటికంటే ఎక్కువమందికి తెలిసినది ఫెట్. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఉచిత సిమ్యులేషన్ల సంకలనం ఇది. అందులోని గ్రీన్‌హౌస్ పాఠంలో విద్యార్థి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెంచవచ్చు, తగ్గించవచ్చు, ఉష్ణోగ్రత ఎటు కదులుతుందో చూడవచ్చు. మరో పాఠంలో ఒక్కొక్క అణువు మీదికి పరారుణ కిరణం వదిలితే నైట్రోజన్, ఆక్సిజన్ కదలకుండా ఉండిపోతాయి, కార్బన్ డయాక్సైడ్ మాత్రం వణుకుతుంది. ఓజోన్ పొరకు చిల్లు పడటం వల్లే భూమి వేడెక్కుతోందని అనుకునేవాళ్లు పట్టభద్రుల్లోనూ ఉన్నారు. ఆ అపోహను వదిలించడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు తెలియదు. అణువు వణకడాన్ని ఏ కొండ ఎక్కినా చూడలేం కదా.

గాలుల విషయంలో కామెరాన్ బెకారియో 2013లో తయారుచేసిన నల్‌స్కూల్ గ్లోబు ఉంది. భూగోళం మీద ఈ క్షణాన గాలి ఎటు వీస్తోందో గీతలుగా కదిలి చూపిస్తుంది. తేదీ వెనక్కి జరిపితే పాత తుపాన్లనూ చూడవచ్చు. ఇస్రో 2009 నుంచి భువన్ అనే పటాల వేదికను నడుపుతోంది. గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌లో 1984 నుంచి ఒక చోటు ఎలా మారిందో చూడవచ్చు. మదనపల్లె పట్టణం ఎటువైపు పెరిగిందో, చుట్టూ ఏ కుంట మాయమైందో పిల్లలే కనిపెట్టగలరు. కుప్పం చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు కొండను ఏ వైపు నుంచి కొరుక్కుంటూ వచ్చాయో అందులో తెలుస్తుంది. కుప్పం గ్రీన్ అనే పేరుతో ప్రపంచమంతా అమ్ముడుపోయే రాయి అది. ఆ పాఠంలో భూశాస్త్రం, ఆర్థికం, పర్యావరణం మూడూ ఒకేసారి వస్తాయి.

ఇవి పనిచేస్తాయా అంటే, పరిశోధన షరతులతో అవునంటుంది. స్కాట్ ఫ్రీమన్ బృందం 2014లో 225 అధ్యయనాలను కలిపి చూసింది. అధ్యాపకుడు చెప్పుకుంటూ పోయే తరగతుల్లో వందకు 34 మంది తప్పితే, విద్యార్థి పాల్గొనే తరగతుల్లో తప్పినవాళ్లు 22 మంది. సిమ్యులేషన్ల మీద 61 అధ్యయనాలను సమీక్షించిన లారా స్మెటానా, రాండీ బెల్ 2012లో తేల్చినదేమంటే, అవి మామూలు బోధనతో సమానంగానో అంతకంటే మెరుగ్గానో పనిచేయగలవు. కానీ ఉపాధ్యాయుడి ఊతం ఉండాలి, పిల్లవాడు తన ఊహకూ తెర మీది ఫలితానికీ మధ్య తేడాను ఎదుర్కోవాలి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మరొకటి. హార్వర్డ్‌లో కేథరీన్ క్రౌచ్, ఎరిక్ మజూర్ తదితరులు 2004లో ప్రచురించిన పరిశీలన అది. తరగతిలో ప్రయోగం చేసి చూపించినప్పుడు ఊరికే చూసిన విద్యార్థులు, అసలు చూడనివాళ్ల కంటే పెద్దగా ఏమీ ఎక్కువ నేర్చుకోలేదు. ఏం జరుగుతుందో ముందే ఊహించి కాగితం మీద రాసుకున్నవాళ్లు మాత్రం స్పష్టంగా మెరుగ్గా ఉన్నారు. రెండు నిమిషాల ఊహ వల్ల అంత తేడా వచ్చింది.

ఈ కొలబద్దతో చూస్తే మన బడుల్లోకి వచ్చిన సాంకేతికతలో చాలా భాగం ఇంటరాక్టివ్ కానే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. తరగతి గదుల్లో పెద్ద తెరలు పెట్టారు. 2017 నుంచి దీక్ష అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఉంది, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి. వీటి వల్ల అందని ఊళ్లకు పాఠం అందింది, అది చిన్న మేలు కాదు. అయినా వాటిలో ఉన్నవి ఎక్కువగా వీడియోలు. వీడియో చూసే పిల్లవాడు ఏమీ ఊహించనక్కర్లేదు, తప్పు చేయనక్కర్లేదు. వేలితో తాకగలిగినంత మాత్రాన పాఠం ఇంటరాక్టివ్ అయిపోదు. కుప్పంలో 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ ఐ-కమ్యూనిటీ పేరుతో మూడేళ్ల పథకం మొదలుపెట్టి పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచింది. స్మార్ట్‌ఫోన్ ఇంకా చేతికి రాని రోజుల్లో ఈ ప్రాంతం కంప్యూటర్‌ను చూసింది. అప్పటి నుంచీ ఇక్కడ అసలు ప్రశ్న యంత్రం ఉందా లేదా అన్నది కాదు. దానితో పిల్లలు ఏం అడుగుతారు అన్నది.

ఇక బోరు దగ్గరికి వస్తాను. భూగర్భజలాల మీద ఆన్‌లైన్‌లో మంచి నమూనాలున్నాయి. బావి లోతు మార్చవచ్చు, వాన పెంచవచ్చు, నీటిమట్టం దిగడం చూడవచ్చు. కానీ వాటిలో చాలావాటికి అడుగున ఇసుక, గులకరాళ్లు, బంకమట్టి పొరలు ఉంటాయి. ఆ నమూనాలు తయారైన ప్రాంతాల నేల అలాంటిది. అక్కడ బావి తవ్వితే ఎక్కడైనా ఇంచుమించు ఒకే మట్టంలో నీళ్లు తగులుతాయి. అదే నమూనాతో నేర్చుకున్న కురబలకోట పిల్లవాడు తన చేలో బోరుకు జల ఎందుకు పడలేదో, నూరు గజాల దూరంలో పక్క రైతుకు ఎందుకు పడిందో వివరించలేడు. పరికరం ఎంత అందంగా ఉన్నా దాని అడుగున ఉన్న రాయి మనది కాకపోతే అది నేర్పే శాస్త్రం మన చేలో అక్కరకు రాదు. గట్టిరాతిలో పగుళ్లతో, పైన మొరంతో, కొలతలన్నీ అడుగుల్లో ఉన్న ఒక సిమ్యులేషన్ తెలుగులో కావాలి. దాన్ని చేయడానికి కావలసిన జ్ఞానం హైదరాబాదులో 1961 నుంచి ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఉంది. ప్రోగ్రాం రాయగల యువకులు అంగళ్లలో ఉన్నారు. ఇద్దరినీ కలిపే పని ఎవరో ఒకరు తలకెత్తుకోవాలి.

సమాచారానికీ కొరత లేదు. రాష్ట్ర జలవనరుల సమాచార పోర్టల్‌లో పీజోమీటర్ల (నీటిమట్టం కొలిచే గొట్టపు బావుల) లెక్కలు, వర్షపాతం ఎవరైనా చూడవచ్చు. ఒక పదో తరగతి జట్టు తమ మండలం నీటిమట్టాన్ని నెలనెలా గీసుకుని, దాని కింద వాన గీత గీసుకుంటే చాలు. వాన పడిన ఎన్ని వారాలకు మట్టం లేస్తుంది, వేసవిలో ఎంత వేగంగా దిగుతుంది అన్నది కళ్లకు కడుతుంది. ఆకాశం నుంచి చూసే పరికరాలు ఈ పనికి రావు. 2002లో ఎగిరిన గ్రేస్ ఉపగ్రహాలు వాయవ్య భారతంలో భూగర్భజలం తరిగిపోవడాన్ని బరువు తేడాతో పట్టుకున్నాయి, అది అద్భుతమైన శాస్త్రమే. కానీ వాటి చూపు వందల కిలోమీటర్ల వెడల్పున ఉండేది. ఆరున్నర అంగుళాల బోరు కథ వాటికి తెలిసేది కాదు.

ఇంటరాక్టివ్ అనే మాట ఇక్కడ వినబడక ముందే ఆ పని ఇక్కడ జరిగింది. 2003 నుంచి 2009 దాకా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో రైతులే నడిపిన భూగర్భజల కార్యక్రమంలో చిత్తూరు, అనంతపురం, కడప సహా ఏడు జిల్లాలు ఉన్నాయి. రైతులు వానమాపకాలు పెట్టి కొలిచారు, బావుల్లో నీటిమట్టం చూశారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్లకు ఏ పంటలు సరిపోతాయో లెక్క వేసుకున్నారు. ఏ పంట వేయాలన్నది చివరికి ఎవరి నిర్ణయం వారిదే. కానీ లెక్క అందరిదీ. నేను చూసిన పర్యావరణ పాఠాలన్నిటిలో దీన్ని పైమెట్టున పెడతాను, ఎందుకంటే విద్యార్థే కొలిచాడు, విద్యార్థే ఊహించాడు, తప్పితే నష్టం కూడా విద్యార్థిదే.

ఆ తర్వాత మరో ప్రయోగం వచ్చింది. అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థకు చెందిన రూత్ మైన్‌జెన్-డిక్ తదితరులు, ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీతో కలిసి రాష్ట్రంలోని గట్టిరాతి పల్లెల్లో ఒక ఆట ఆడించారు. ఐదుగురు ఆటగాళ్లు. ఒక పంటకు నీళ్లు తక్కువ, రాబడి తక్కువ. రెండో పంటకు రెండూ ఎక్కువ. ప్రతి సంవత్సరం ఎవరు ఏది వేస్తారో గుట్టుగా ఎంచుకోవాలి. అందరి వాడకమూ కలిపి నీటిమట్టం దిగుతుంది. మొదట మాట్లాడుకోకుండా ఆడతారు, తర్వాత మాట్లాడుకుని ఆడతారు. ఆఖరున ఊరంతా కూర్చుని చర్చిస్తుంది. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆ ఫౌండేషన్ పనిచేస్తున్న మిగతా ఊళ్లతో పోలిస్తే ఆట ఆడిన ఊళ్లు నీటి రిజిస్టర్లు పెట్టుకోవడానికీ, నీటి వాడకానికి కట్టుబాట్లు చేసుకోవడానికీ ఎక్కువగా ముందుకొచ్చాయి. కంప్యూటర్ లేదు, ఇంటర్నెట్ లేదు. కానీ మంచి సిమ్యులేషన్‌లో ఉండవలసినవన్నీ ఉన్నాయి: ఎంపిక, దాని ఫలితం, మళ్లీ ప్రయత్నించే వీలు, ఆపైన మాట. ఆఖరిది ఏ తెర మీదా ఉండదు. ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసేవాళ్లు ఈ ఆటను ముందు చదవాలి.

చేత్తో నేర్చుకునే సంప్రదాయం ఈ నేలకు కొత్త కాదు. కురబలకోట మండలంలోని రిషి వ్యాలీ చుట్టుపక్కల పల్లె బడుల కోసం రివర్ సంస్థ తయారుచేసిన కార్డుల నిచ్చెనలో ప్రతి బిడ్డా తన మెట్టు తానే గుర్తించి తన వేగంతో ఎక్కుతుంది. అదే లోయను 1991లో పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించుకున్నారు. హార్స్‌లీ కొండల రాళ్లలో తిరిగే పసుపు గొంతు పిగిలిపిట్టను ఇక్కడి పిల్లలు దగ్గరగా పరిశీలించగలరు. ఆ పరిశీలనలు పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వంటి వేదికల్లోకి ఎక్కితే బడి పిల్లవాడి నోటుపుస్తకం శాస్త్ర సమాచారమవుతుంది. కుప్పం దగ్గర గుడుపల్లెలో అగస్త్య ఫౌండేషన్‌కు 172 ఎకరాల ఆవరణ ఉంది. 1999లో రాంజీ రాఘవన్ మొదలుపెట్టిన ఆ సంస్థ వ్యాన్లలో ప్రయోగశాలలను పల్లె బడులకు పంపుతుంది. ఒకప్పుడు బీడుగా ఉన్న ఆ ఆవరణలో చెట్లు, నీళ్లు తిరిగొచ్చాయి. పిల్లలకు అది కూడా పాఠమే.

అయినా చేయి అందని చోట్లున్నాయి. అక్కడ తెర తప్పనిసరి. కాలం అలాంటిది. మన గ్రానైట్ల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. తిరుమల ఘాట్ రోడ్డులో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ స్మారకంగా గుర్తించిన ఒక రాతి సంధి ఉంది. కింద పురాతన గ్రానైట్, దాని మీద నగరి క్వార్ట్‌జైట్, మధ్యలో కోట్లాది సంవత్సరాల ఖాళీ. కొండకు వెళ్లే బస్సులు రోజంతా దాని పక్కనుంచే పోతాయి. ఆ రాయి మీద చేయి పెట్టినా కాలం చేతికి తగలదు. ఇయాన్ వెబ్‌స్టర్ తయారుచేసిన ఏన్షియంట్ ఎర్త్‌లో ఊరి పేరు కొడితే ఆ చోటు ఏ యుగంలో ఎక్కడుందో గ్లోబు మీద చూపిస్తుంది. డైనోసార్ల కాలంలో మదనపల్లె భూమధ్యరేఖకు దక్షిణాన ఉండటం చూసి పిల్లలు నోళ్లు తెరుస్తారు. కానీ ఆ గ్లోబు 75 కోట్ల సంవత్సరాల దగ్గర ఆగిపోతుంది. మన రాయి వయసులో అది మూడో వంతు కూడా కాదు. ఈ మాట ఉపాధ్యాయుడు చెప్పాలి. చెబితే ఆ పరికరం రెట్టింపు పాఠమవుతుంది.

నదుల పటాలకూ ఇదే వర్తిస్తుంది. సామ్ లర్నర్ 2021లో రూపొందించిన రివర్ రన్నర్‌లో ఎక్కడ నొక్కితే అక్కడ పడ్డ చినుకు సముద్రందాకా ఏ దారిన పోతుందో చూపిస్తుంది. మదనపల్లె మీద నొక్కితే బాహుదా, చెయ్యేరు, పెన్న. కుప్పం వైపు పాలారు మీద నొక్కితే 33 కిలోమీటర్లలో రాష్ట్రం దాటి తమిళనాడులోకి పోతుంది. పెన్న, పాలారు రెండూ నంది కొండల దగ్గరే పుట్టి చెరొక దారి పట్టాయి. మరి పుంగనూరు చుట్టుపక్కల చెరువుల్లో ఏది ఎటు? ముందు పిల్లల చేత రాయించి, ఆ తర్వాతే నొక్కనివ్వాలి. ఇక్కడే పరికరం లోపమూ బయటపడుతుంది. ఇలాంటి పటాలకు పునాది అంతరిక్షం నుంచి కొలిచిన ఎత్తుల లెక్క. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ నౌక 11 రోజుల్లో కొలిచినది వాటిలో ముఖ్యమైనది. అందులో ఒక్కో గడి 30 మీటర్లు. చెరువు కట్ట, మరవ, ఒక చెరువు నిండి కింది చెరువుకు పారే వంక అందులో సరిగా కనిపించవు. రాయలసీమలో నీళ్లు నడిచేది వాటి గుండానే. పిల్లలు వంక వెంట నడిచి, ఫోన్‌లో గుర్తులు పెట్టి, ఆ పటాన్ని దిద్దాలి. పటాన్ని దిద్దిన పిల్లవాడికి పటం అంటే ఏమిటో జన్మలో మళ్లీ చెప్పనక్కర్లేదు.

అడ్డంకులు అందరికీ తెలిసినవే, క్లుప్తంగా చెబుతాను. 2020 చివర్లో ఫ్లాష్ ఆగిపోయినప్పుడు వేల పాఠాలు ఒక్కసారిగా మూగబోయాయి. జావాలో రాసినవి ఫోన్లలో సరిగా నడవవు. తెలుగులో ఉన్నవి తక్కువ, ఉన్నవాటిలోనూ భాష పుస్తకాల నుంచి దిగినట్టుంటుంది. 45 నిమిషాల పీరియడ్‌లో ఊహ, ప్రయోగం, చర్చ మూడూ పట్టవు. పరీక్షలో నిర్వచనం అడిగినంతకాలం ఉపాధ్యాయుడు నిర్వచనమే చెబుతాడు, అందుకు ఆయన్ను తప్పుపట్టలేం. ప్రశ్నపత్రంలో ఒక్క ప్రశ్న, ఒక గ్రాఫు ఇచ్చి మీ మండలంలో వచ్చే వేసవికి ఏమవుతుందో రాయమనే ప్రశ్న వస్తే ఎన్ని శిక్షణ శిబిరాలు పెట్టినా రాని మార్పు వస్తుంది.

ఈ ప్రాంతం కోసం ఒక్క పాఠం తయారుచేయమంటే 2021 నవంబరు వరదను ఎంచుకుంటాను. ఆ నెల 19 తెల్లవారుజామున ఒక వాయుగుండం పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది. చిత్తూరు, కడప జిల్లాల్లో కుండపోత కురిసింది. బాహుదా, పించా పొంగి చెయ్యేరు మీద పడ్డాయి. ఆ నది మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి కింది ఊళ్లను ముంచింది, పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. నల్‌స్కూల్‌లో ఆ తేదీకి వెళ్లి వాయుగుండం కదలికను చూడవచ్చు. వర్షపాతం లెక్కలు ఉన్నాయి. నది దారి ఉంది, వాలు ఉంది. భువన్‌లో ప్రాజెక్టు ఉన్న చోటు ఉంది. విద్యార్థులు ముందు రాయవలసిన ప్రశ్న: మదనపల్లె వైపు కురిసిన వాన ఆ కట్టదాకా చేరడానికి ఎన్ని గంటలు పట్టి ఉంటుంది? రాసిన తర్వాత దూరం, వాలు, వేగం లెక్కవేసి తమ జవాబును సరిచూసుకోవాలి. రెండో ప్రశ్న: ఆ గంటల్లో కింది ఊళ్లకు ఎవరు, ఏ దారిన కబురు పంపగలిగేవారు? దీనికి జవాబు ఏ తెర మీదా లేదు. పిల్లలు చెయ్యేటి ఒడ్డు ఊళ్లకు వెళ్లి ఆ రాత్రిని చూసినవాళ్లను అడిగి రాసుకు రావాలి.